ఈత స్కర్టుకు ఆది జాకెట్టు

సర్కండా, బిలాస్‌పూర్
14 మార్చి 2025

కనకం అక్కకు ఉష నమస్కారాలు.

బావకు కుడిచెయ్యి కాస్తయినా లేస్తోందా? అన్నం తనే కలుపుకుంటున్నాడా, ఇంకా నువ్వే పెడుతున్నావా?

ఫోను మానేసి ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. మొన్న నేను మూడుసార్లు అరిచినా నీకు వినబడక ఫోను ఝాన్సీ చేతికిచ్చేశావు. ఝాన్సీ బంగారం లాంటి పిల్లే, కానీ ఇది నీ కోడలి చేత చెప్పించే సంగతి కాదు. వీడియోలో మాట్లాడదామంటే నా ఫోను కెమెరా పాడైంది. ఈమధ్య మా వీధిలో సూర్యం అనే శ్రీకాకుళం మనిషి గది తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి, విశాఖ బండిలో ఏసీ బోగీలో దుప్పట్లు పంచే పని. నాన్న రోజుల్లో మన ఇంటికి చింతపండు గార్డుల చేతుల మీదుగా వచ్చేది కదా, ఇక మన ఉత్తరాలూ మూటలూ ఇతని చేత పంపుకుందాం.

సంగతేమిటంటే, నా మోకాళ్ళు. డాక్టరు నన్ను నీళ్ళలో నడవమన్నాడు. నేల మీద నడవడానికే నానా అవస్థ పడుతున్నాను, ఇంకా నీళ్ళొకటా అనుకున్నాను. కానీ ఊళ్ళో ఒక ఈత కొలనులో ఏప్రిల్ నుంచి పొద్దున్న ఏడింటికి ఆడవాళ్ళ బ్యాచ్ పెడుతున్నారు. వెళ్ళి చూశాను. పేర్లు రాయించుకున్నవాళ్ళందరూ నా ఈడువాళ్ళే. చీర, సల్వారు, నూలుబట్ట ఏదీ కుదరదట. పోగులు ఊడి నీళ్ళు వడకట్టే మిషన్లో ఇరుక్కుంటాయట.

సదర్ బజార్ అంతా తిరిగాను. ఒక షాపువాడు పాపకు ఎన్నేళ్ళు అని అడిగాడు. పక్క షాపువాడు తొడల దగ్గరే ఆగిపోయే ముక్క ఒకటి బల్లమీద పరిచాడు. దాన్ని చూసి నేను సిగ్గుపడ్డానో, నన్ను చూసి అది సిగ్గుపడిందో తెలియదు. కొలను దగ్గర ఒకావిడ వేసుకున్నది మాత్రం నచ్చింది. లోపల బిగుతుగా నిక్కరు, దాని మీద స్కర్టు, రెండూ కలిపి కుట్టేసి ఉన్నాయి. స్విమ్ స్కర్టు అంటారట. విశాఖలో సముద్రం ఉంది కదా, అక్కడ దొరక్కుండా ఉండదు.

నాకు మోకాలు దాకా ఉండాలి. తడిస్తే ఒళ్ళు కనబడకూడదు. నడుముకు బిగించుకునే తాడు ఉండాలి. పైన చేతులున్న చొక్కా కావాలి. చూడ్డానికి కూడా కాస్త బాగుండాలి. ఎవరు చూస్తారని అడగకు. నేను చూసుకుంటాను.

పై చొక్కా కోసం ఆది జాకెట్టు పంపుతున్నాను. స్కర్టు కోసం నడుముకు దారం చుట్టి ముడివేసి, అది కూడా జాకెట్టులోనే మడిచి పెట్టాను. మూటలోని ఠేఠ్రీలు, ఇక్కడి శనగపిండి జంతికలు, బావకు. వాటిని కాస్త పాలలో నానబెట్టి పెట్టు.

నీ ఉష


విశాఖపట్నం
25 మార్చి 2025

ఉషమ్మకు అక్క దీవెనలు.

ఠేఠ్రీలు అందాయి. మీ బావ పాలలో నానబెట్టనివ్వలేదు. నాలుగు నమిలి, అయిదోది దిండు కింద దాచుకున్నాడు. చెయ్యి ఇంకా భుజం దాకానే లేస్తోంది.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరువాత కోపం వచ్చింది, ఆ తరువాత ఝాన్సీని వెంటబెట్టుకుని బజారుకు పోయాను. మూడూ ఒక్క పూటలోనే జరిగాయి. పన్నెండేళ్ళకు గౌను మాన్పించి ఓణీ వేస్తే ఇల్లెగిరేలా ఏడ్చినదానివి, యాభై ఆరేళ్ళకు మళ్ళీ మోకాళ్ళ దాకా ఎక్కుతున్నావు. మరిదిగారు పోయి రెండేళ్ళయింది, నలుగురూ ఏమంటారో అని కూడా అనిపించింది. అయితే ఆ మోకాళ్ళు నలుగురివీ కావు, నీవి. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం మన ఇంటావంటా లేదు.

ఇక్కడ మూడు షాపులు చూశాం. ఝాన్సీ ప్రతి స్కర్టునూ రెండు చేతులా సాగదీసి వదిలి, వెనక్కి వస్తోందా లేదా అని చూసింది. సాగి ఊరుకునే బట్ట నెల తిరక్కుండా వేలాడిపోతుందట. కొలను నీళ్ళలో వేసే మందుకు రంగు వెలవని బట్ట వేరే ఉంటుందట, అదే అడిగింది. మోకాలు దాటించమని నేను పట్టుబట్టాను. నీళ్ళలో బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, మోకాలి మీదే ఆగాలి అంది. నా చెవి మిషను ఆ షాపులో ఒకటే కూత, సగం మాటలు వినబడలేదు గానీ పిల్లకు తెలుసులే అని ఊరుకున్నాను. రంగు మాత్రం నేను ఎంచాను. నల్లవి పెట్టారు, తోసేశాను. నెమలికంఠం రంగు, అంచున సన్నటి తెల్ల గీత, పక్కన తాళంచెవి పెట్టుకోవడానికి చిన్న జేబు. నీ చామనచాయకు అది వెలుగుతుంది.

ఒక్క పొరబాటు చేశావు తల్లీ. పంపిన జాకెట్టు నీది కాదు, నీ కూతురు ప్రత్యూషది. నాకు మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. దారం కూడా ఎక్కడో తెగినట్టుంది, సగమే వచ్చింది. రెండూ పక్కన పెట్టేశాను. నలభై ఏళ్ళు ఒకరి జాకెట్లు ఒకరం తొడుక్కున్నాం, నీ ఒళ్ళు నాకు తెలియదా? షాపులో లావుపాటి బొమ్మ ఒకటి ఉంది, దాన్ని రెండు చేతులా చుట్టి పట్టుకుని చూసి ఇదే మా చెల్లెలి కొలత అన్నాను. షాపు పిల్ల నవ్వింది. ఆ బొమ్మను వదలడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

నిన్ను చూసి మూడేళ్ళు దాటింది ఉషా. ఈయన్ని వదిలి రాలేను. నువ్వయినా ఒకసారి రాకూడదా?

మీ అక్క కనకం


సర్కండా
6 ఏప్రిల్ 2025

అక్కా,

మూట అందింది. రంగు చూసి చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు తప్ప ఎవరూ నాకు ఆ రంగు కొనరు.

కానీ సరిపోలేదు. తాడు ఎంత బిగించినా నడుము దగ్గర కుచ్చెళ్ళు పడుతున్నాయి. అయినా మొదటిరోజు దాంతోనే దిగాను. నీళ్ళు లోపలికి చేరి స్కర్టు ఉబ్బింది, నేను ఒక మెట్టు దిగితే అది రెండు మెట్లు దిగింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని గట్టెక్కాను. నేర్పే అమ్మాయి మంచిది, నవ్వకుండా తువ్వాలు అందించింది. ఈ బట్ట పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా ఉండాలట, తడిస్తే ఎలాగూ వదులవుతుందట. వదులుగా కొంటే నీళ్ళలో నిలవదని చెప్పింది.

నేను దిగింది పక్కనున్న లోతులేని చిన్న కొలనులో, అదీ రెండు నిమిషాలే, పెద్ద కొలనులో కాదు. ఉతికి ఆరబెట్టి రెండూ తిప్పి పంపుతున్నాను. చీటీ చించలేదు, షాపువాళ్ళు మారుస్తారు. చొక్కా కూడా మార్పించు. ఆ జాకెట్టు కొలతకు, ఆ దారం కొలతకు తీసుకో. దారం తెగలేదు. ఇంకేమీ అడగకు.

రమ్మన్నావు. ఎండలు తగ్గనీ, చూద్దాం. ప్రత్యూష ఆదివారాలు రాయపూర్ నుంచి వస్తోంది, బ్యాంకులో దానికి పని ఎక్కువైంది.

ఉష


విశాఖపట్నం
13 ఏప్రిల్ 2025

ఉషకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంకేమీ అడగకు అని రాశావు. అడిగే హక్కు నాకు లేదని తెలుసు గానీ, అడుగుతున్నాను.

ప్రత్యూష స్నేహితులతో గోవా వెళ్తోందని ఝాన్సీకి ఫోనులో చెప్పిందట. ఝాన్సీ నాకు మామూలుగానే చెప్పింది. నేనే నీ ఉత్తరాన్నీ ఆ మాటనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. జాకెట్టు దానిది. దారం దాని నడుముకు సరిపోయేది. ఇప్పుడు దాని కొలతకే మార్చమంటున్నావు. పిల్ల కోసమైతే పిల్ల కోసమని రాస్తే నేను కొననా? మోకాళ్ళు, డాక్టరు, స్కర్టు రెండు మెట్లు దిగడం, ఇంత కథ ఎందుకు?

దాచేవంటే చెప్పుకోలేనిదేదో ఉందన్నమాట. ఎవరితో వెళ్తోంది? అడిగావా? మరిదిగారు ఉంటే ఇలా జరిగేదా? నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరికీ ఎదురు చెప్పలేవు, ఇంకొకరి వెనక దాక్కుంటావు.

మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ఒకటే మాట అన్నారు. "అది అబద్ధం ఆడదే. నువ్వే సరిగ్గా సదవలేదు." పక్షవాతం వచ్చి మాట ముద్దగా వస్తున్నా నీ పక్షం మాత్రం మానలేదు.

స్కర్టు నా దగ్గరే ఉంది. నిజం రాస్తే ఎవరి కొలతకు కావాలంటే వాళ్ళ కొలతకు మార్పిస్తాను.

కనకం


సర్కండా
20 ఏప్రిల్ 2025

అక్కా,

బావ సరిగ్గా చదివాడు.

ఆ జాకెట్టు నాది. దారం నా నడుముదే. కెమెరా పాడవలేదు, నువ్వు చూస్తావనే అబద్ధం చెప్పాను. ఆ ఒక్కటే అబద్ధం. జబ్బేమీ లేదు, పరీక్షలన్నీ చేశారు. తినడం తగ్గిపోయింది, అంతే. మోకాళ్ళ నొప్పి కూడా అందుకేనట, కండ కరిగిపోయిందట.

నువ్వు రైల్వే వాడిని చేసుకోలేదు, నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో భోజనానికి వేళ లేదు. ఆయన బండి దిగినప్పుడే భోజనం. పొద్దున్న పదింటికి కావచ్చు, సాయంత్రం అయిదింటికి కావచ్చు. డ్యూటీ దిగానని ఆయన ఇంజను షెడ్డు నుంచి ఫోను చేస్తే పొయ్యి వెలిగించేదాన్ని, ఆయన ఇంటికి వచ్చాక ఇద్దరం తినేవాళ్ళం. నా ఆకలి ఆయన డ్యూటీతో పాటే వచ్చేది. ఇప్పుడు ఆ ఫోను రాదు. గడియారం చూసి తినమంటుంది ప్రత్యూష. గడియారం చూస్తే నాకు ఆకలి వెయ్యదు. అది వచ్చే ఆదివారాలు రెండు పూటలా తింటాను. మిగతా రోజులు ఒకసారి ఖిచిడీ వండి, దాన్నే చూస్తూ కూర్చుంటాను.

కొలను దగ్గర ఆ స్కర్టు ఆవిడ ఒక మాట చెప్పింది. "నీళ్ళల్లోంచి బయటికి వస్తే రాళ్ళు తిన్నా అరిగిపోయేంత ఆకలి వేస్తుంది" అంది. నేను చేరింది ఆ మాటకు అక్కా. మోకాళ్ళకు కాదు. నాకు మళ్ళీ ఆకలి వెయ్యాలని ఉంది.

ప్రత్యూష గోవా వెళ్తోంది, తన ముగ్గురు స్నేహితురాళ్ళతో. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. దానికి కావలసినవి ఫోనులో రెండు నిమిషాల్లో తెప్పించుకుంటుంది. నేను చెప్పి ఉంటే నాకూ తెప్పించేది. నేను చెప్పలేదు. నువ్వు పట్టుకుని చూసి కొన్నది వేసుకుని దిగాలనుకున్నాను. అందుకే ఆది జాకెట్టు పంపాను. పంపుతూ రెండు రకాలుగా ఆలోచించాను. జాకెట్టు చూసి నువ్వు కనిపెట్టేస్తావని భయపడ్డాను. కనిపెట్టాలని కూడా అనుకున్నాను. నువ్వు బొమ్మను పట్టుకుని ఇదే మా చెల్లెలి కొలత అన్నావని చదివి ఏడ్చాను. ఆ బొమ్మలాంటి చెల్లెలు ఇప్పుడు లేదు.

మరిదిగారు ఉంటే ఇలా జరిగేదా అని రాశావు. రాసేశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదు. అదే వారం బావ ఆసుపత్రిలో ఉన్నాడు, నీ తప్పు లేదు, నాకు తెలుసు. అందరికీ అదే చెప్పాను. కానీ పదకొండు రోజులూ గేటు చప్పుడయితే తలెత్తి చూశాను. రావని తెలిసే చూశాను. తరువాత నువ్వు ఫోను చేసి ఏమీ అనుకోలేదు కదా అని అడిగితే లేదన్నాను.

అనుకున్నాను అక్కా.

ఉష


విశాఖపట్నం
27 ఏప్రిల్ 2025

ఉషా,

సూర్యం ఉత్తరం ఇచ్చి బండి కడిగే యార్డుకు పోతుంటే వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. చదివి, మా చెల్లెలు ఎలా ఉంటుంది అని అడిగాను. "సన్నంగా ఉంటారండి. ముందు నించీ అలాగే కాదేటి?" అన్నాడు. అతను నిన్ను కొత్తగా చూశాడు, ఆ మాటలో అతని తప్పు లేదు. నేను లోపలికి వెళ్ళి ఆ జాకెట్టు తీసి, ముఖం కడుక్కునేదాకా దాన్ని చేతిలోనే పట్టుకున్నాను.

పిల్లను అన్న మాటకు ముందు దానికి, తరువాత నీకు క్షమాపణ. దానికి నేనే ఫోనులో చెప్పాను, హిందీలో ఏదో అని నవ్వేసింది.

స్కర్టు మార్పించాను. ఈసారి దారం పట్టుకుని కొలిచి తీసుకున్నాను. నెమలికంఠం రంగు ఆ కొలతలో లేదన్నారు. నాలుగు రోజులు ఆగి తెప్పించుకున్నాను. చొక్కా మోచేతుల దాకా ఉంది. రెండోది మాత్రం నేను కొన్నది, నువ్వు అడగలేదు, అదే రంగులో రెండు కొలతలు పెద్దది. దాన్ని బీరువాలో పెట్టు. అది సరిపోయే రోజు రావాలి.

పదకొండు రోజుల గురించి నాకు రాయడం చేతకావడం లేదు. కాగితం మూడుసార్లు మార్చాను.

కనకం


సర్కండా
8 మే 2025

అక్కా,

స్కర్టు సరిపోయింది. తాడు ఒక్క ముడి చాలు. నిన్న మొదటిసారి పెద్ద కొలనులో దిగాను, గొంతు దాకా నీళ్ళు. లోపలి నిక్కరు ఉండటం వల్ల పైన స్కర్టు ఎటు తేలినా భయం లేదు. గట్టు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుసార్లు నడిచాను. అద్దంలో చూసుకున్నాను కూడా. రంగు బాగుంది. బట్ట మారుస్తుంటే స్కర్టు ఆవిడ వచ్చి ఎక్కడ కొన్నారు అని అడిగింది. మా అక్క కొంది అన్నాను. ఆ మాట అవసరానికి మించి గట్టిగా అన్నానేమో, ఆవిడ నా వైపు ఇంకోసారి చూసింది.

బయటికి వచ్చేసరికి ఆకలి వేసింది. కడుపులో మంట పుట్టేంత ఆకలి. అర్పా నది వంతెన ఇవతల ఆటో ఆపించి బండి దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు తిన్నాను, మళ్ళీ రెండు పెట్టించుకున్నాను. తింటూ తింటూ పక్కకు తిరిగాను, ఆకలి వేసింది అని చెప్పడానికి. పక్కన ఎవరూ లేరు. ఆటోవాడికి చెబితే అచ్ఛా అన్నాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను ఎప్పుడూ అడగలేదు, నీకు కుదరదని నేనే అనుకుని నోరు మూసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. బావకు ఏదైనా ఏర్పాటు చేసి రా. కుదరకపోతే కుదరదని రాయి, కానీ నేను ఏమీ అనుకోనని మాత్రం ఈసారి అనను.

ఉష


రైల్లో
17 మే 2025

ఉషమ్మా,

రాయపూర్ దాటింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు ఊగితే సర్దుకో. ఇది సూర్యానికి ఇవ్వను, అతను ఇందాకే దుప్పటి ఇచ్చి, టీ ఇప్పించి వెళ్ళాడు. స్టేషన్లో నేనే నీ చేతిలో పెడతాను. నిన్ను చూస్తే నాకు నోట మాట రాదు, వచ్చినా నువ్వు చెప్పేది నాకు సగమే వినబడుతుంది. అందుకని ముందు ఇది చదువు. నువ్వు చదివేదాకా బల్లమీద కూర్చుంటాను.

గిరిబాబు వారం సెలవు పెట్టాడు. తండ్రికి స్నానం ఎలా చేయించాలో వాడికి మూడు రోజులు నేర్పాను. బయల్దేరేటప్పుడు కూడా గుమ్మం దగ్గర ఆగిపోయాను. మీ బావ మంచం మీద నుంచే అన్నారు, "ఎల్లెహె. వారానికి నానేటీ సచ్చిపోను." ఈ మనిషే ఆ రోజు ఆసుపత్రిలో మాట లేక పడి ఉన్నాడు. ఆ రోజు ఈ మాట అనగలిగి ఉంటే నేను వచ్చేదాన్నేమో. ఆయన అనకపోయినా రావలసిందేమో. అప్పుడు గిరిబాబు ఉన్నాడు, ఝాన్సీ ఉంది. రెండు రోజులకైనా వచ్చి వెళ్ళగలిగేదాన్ని. నేను భయపడ్డాను. నేను నీ దగ్గర ఉండగా ఇక్కడ ఈయనకు ఏమైనా అయితే అని భయపడ్డాను. నీకు అయిపోయింది, నాకు ఇంకా కాలేదు అని లెక్క వేసుకున్నాను ఉషా. రెండేళ్ళుగా నీకు చెప్పనిది ఇదే. కుదరక రాలేదని నువ్వు అందరికీ చెప్పావు. కుదరక కాదు.

ఇక బిలాస్‌పూర్ వచ్చేస్తోంది. దిగగానే నువ్వు నా చేతిలోని సంచి అందుకుంటావు, ప్రయాణం బాగా జరిగిందా అంటావు, ఇంటికి తీసుకెళ్ళి కాళ్ళకు నీళ్ళిస్తావు. నువ్వు అలాంటిదానివే. అవేవీ చెయ్యకు. ముందు నన్ను తిట్టు. ప్లాట్‌ఫారం మీదే, జనం చూస్తున్నా సరే, ఆ పదకొండు రోజులకూ తిట్టు. నువ్వు తిట్టకపోతే, ఏ ముఖం పెట్టుకుని నీ ఎదురుగా కూర్చుని అన్నం తినను?

కనకం